యంత్రానికి తాళంచెవి ఇవ్వవచ్చునా?

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా బెళుగుప్ప మండల యూనిట్ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్లనే మనం ఏటా ఈ రోజున కలుసుకుంటున్నాం. పెన్షను ఒకరి దయాదాక్షిణ్యం కాదు, హక్కు అని ఆ తీర్పు చెప్పింది. దాని గురించి మాట్లాడగలవారు ఇక్కడ చాలామంది ఉన్నారు. కార్యదర్శిగారు మాత్రం నన్ను వేరే పని అడిగారు. "మన డబ్బు ఇప్పుడు కంప్యూటర్ల కాపలాలో ఉంది. ఆ కాపలా పనిని ఏఐ ఏజెంట్లకు అప్పగిస్తున్నారట. అదేమిటో మనవాళ్లకు అర్థమయ్యేట్లు చెప్పండి" అన్నారు. నేను కంప్యూటరు చదువు చదివినవాణ్ణి కాను. ఎల్.డి.సి.గా చేరి, తపాళ్లు విప్పుతూ, రిజిస్టర్లు రాస్తూ సర్వీసు వెళ్లదీసినవాణ్ణి. అయితే మా మనవరాలు బెంగళూరులో ఇదే పని చేస్తుంది. ఆమె చెప్పింది నాలుగుసార్లు విన్నాక నాకు తోచిందేమంటే, ఇది మనకు బొత్తిగా తెలియని విషయం కాదు. పేర్లు కొత్తవి, ఆఫీసు మాత్రం పాతదే.

ముందుగా మన యూనిట్‌లోనే జరిగిన రెండు సంగతులు మనవి చేస్తాను. పేర్లు చెప్పను.

మొదటిది. మన సభ్యులొకరికి ఫోనులో ఒక సందేశం వచ్చింది. లైఫ్ సర్టిఫికెట్టు ఇవ్వలేదు కాబట్టి పెన్షను ఆగిపోతుంది, ఈ లింకు నొక్కండి అని. ఆయన నొక్కారు. ఆ రాత్రి ఆయన నిద్రలో ఉండగా ఖాతా నుంచి నాలుగు విడతలుగా డబ్బు పోయింది. పోయినట్లు నాలుగు మెసేజీలూ వచ్చాయి, చూసేవారు లేరు. నాలుగు విడతలూ గంట లోపలే. మొదటి విడత దగ్గర ఎవరైనా ఆపి ఉంటే మిగతా మూడూ దక్కేవి.

రెండవది ఇందుకు పూర్తిగా తిరగబడిన సంగతి. రిటైరైన ఉపాధ్యాయులొకరు రెండు బస్తాల చింతపండు అమ్మారు. కొన్నవాడు ఫోను ద్వారా డబ్బు వేశాడు. ఆ డబ్బు ఎక్కడో మోసం చేసిన సొమ్ములో భాగమట. పాపం ఈయనకేం తెలుసు? మూడు రోజుల తర్వాత ఖాతా మొత్తం స్తంభించింది. ఒకటో తేదీన పెన్షను జమ అయింది గాని తీసుకోవడానికి వీల్లేదు. మూడుసార్లు బస్సెక్కి బ్యాంకుకు పోయారు. "మేం ఆపలేదు సార్, సిస్టమ్ ఆపింది" అన్నారు. ఎవరి ఉత్తర్వు అని అడిగితే సమాధానం లేదు. పదకొండు రోజులు. చక్కెర జబ్బు మందులు అప్పు మీద తెచ్చుకున్నారు. నలభై ఏళ్లు పిల్లలకు నీతి చెప్పిన మనిషి దొంగల జాబితాలో చేరినట్లు తల వంచుకుని తిరిగారు.

ఒకరికి ఆపేవారు లేక నష్టం, ఇంకొకరికి ఆపడం వల్ల నష్టం. ఈ రెండింటి మధ్యన ఉన్నదే ఈనాటి నా విషయం.

బ్యాంకులు, విద్యుత్ సంస్థలు, ఆసుపత్రులు, పెద్ద కంపెనీలు తమ కంప్యూటర్లకు రాత్రింబగళ్లు కాపలా పెట్టుకుంటాయి. ఆ కాపలా గదిని భద్రతా పర్యవేక్షణ కేంద్రం అంటారు. ఎక్కడ ఏ చిన్న తేడా కనిపించినా అక్కడికి ఒక హెచ్చరిక వస్తుంది. ఉరవకొండలో ఉన్న మనిషి ఖాతాను అర్ధరాత్రి వేరే దేశం నుంచి ఎవరో తెరిచారనుకోండి, హెచ్చరిక. ఎవరో పదిసార్లు తప్పు పాస్‌వర్డు కొట్టారు, హెచ్చరిక. ఒక్కొక్క హెచ్చరిక మీద చేయవలసిన పని వరుసగా ఉంటుంది. ఎవరి ఖాతా, ఏ కంప్యూటరు, ఇదివరకు ఇట్లా జరిగిందా, ఆ చిరునామా చెడ్డవాటి జాబితాలో ఉందా అని వెతకాలి. తర్వాత నోటు రాసి, పైవారికి చూపించి, ఆపవలసినదైతే ఆపాలి. చివరికి ఫైలు మూయాలి.

ఇది మనం చేసిన పని కాదా? తపాల్ వస్తుంది. డిస్ట్రిబ్యూషన్ రిజిస్టరులో ఎక్కుతుంది. గుమాస్తా పర్సనల్ రిజిస్టరులో నంబరు వేసుకుంటాడు. పాత ఫైలు వెతికి జతపరుస్తాడు. నోటు రాసి పుటప్ చేస్తాడు. ఆఫీసరు ఉత్తర్వు వేస్తాడు. ఫెయిర్ కాపీ, డిస్పాచ్, ఆపైన ఎల్.డిస్. అనో ఆర్.డిస్. అనో ముగింపు. టాటెన్‌హామ్ దొర మద్రాసు రాజధాని రోజుల్లో పెట్టిన పద్ధతినే మనం డిస్ట్రిక్ట్ ఆఫీస్ మాన్యువల్ పేరుతో మోశాం. బెంగళూరులో మా మనవరాలు అదే మోస్తోంది, కాగితం లేదు అంతే.

తేడా ఒకటుంది. మనకు రోజుకు ఒక కట్ట తపాళ్లు. ఆ పిల్లకు ఒక్క రాత్రిలో వందలు. అందులో అధికభాగం ఉత్తవి. "నాన్నా పులి" కథ మనందరం చదువుకున్నాం. అక్కడ ఒక పిల్లవాడు అరిచాడు, ఇక్కడ వందమంది ఒకేసారి అరుస్తారు. నూరు ఉత్త అరుపుల తర్వాత నూట ఒకటవది నిజమైన పులి అయితే, నిద్రమత్తులో ఉన్న మనిషి దాన్నీ మూసేస్తాడు.

ఇది ఊహ కాదు. హైదరాబాదు కేంద్రంగా ఉన్న ఆంధ్రప్రదేశ్ మహేష్ సహకార అర్బన్ బ్యాంకు సంగతి పత్రికల్లో చదివే ఉంటారు. 2021 నవంబరులో ఆ బ్యాంకు ఉద్యోగులకు దొంగ ఈ-మెయిళ్లు 200 పైచిలుకు పంపారు. ఒకరిద్దరు తెరిచారు. ఆ సందులోంచి దొంగలు లోపలికి చేరి, రెండు నెలలు ఓపిక పట్టి, 2022 జనవరిలో వారాంతపు సెలవు చూసుకుని 12 కోట్ల 48 లక్షల రూపాయలు కొద్ది ఖాతాల్లోకి మళ్లించారు. అక్కడి నుంచి వందకు పైగా ఖాతాల్లోకి చెదరగొట్టి, ఏటీఎంల నుంచి తీసుకున్నారు. భద్రతా నిబంధనలు పాటించనందుకు 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల జరిమానా వేసింది. రెండు నెలలు దొంగ ఇంట్లో కాపురం ఉంటే గుర్తించినవారు లేరన్నది గమనించండి.

దేశం మొత్తం మీద సైబరు మోసాల్లో జనం పోగొట్టుకున్నది 2023లో 7,465 కోట్లు, 2024లో 22,845 కోట్లు అని కేంద్ర హోంశాఖ పార్లమెంటుకు తెలిపింది. ఒక్క ఏడాదిలో మూడింతలు. దొంగలు కూడా ఏఐ పట్టుకున్నారు. చైనా ప్రభుత్వ అండ ఉన్న ముఠా ఒకటి తమ ఏఐ పనిముట్టునే వాడుకుని సుమారు 30 సంస్థల మీద దాడికి ప్రయత్నించిందని, ఆ పనిలో ఎక్కువ భాగం యంత్రమే చేసిందని ఆంత్రోపిక్ అనే అమెరికా సంస్థ 2025 నవంబరులో స్వయంగా ప్రకటించింది. దొంగకు యంత్రం ఉండి కాపలావానికి లాంతరు మాత్రమే ఉంటే సరిపోదు. కాబట్టి కాపలాకు యంత్రం వద్దనే వాదన నాది కాదు.

ఇక ఏజెంటు అంటే ఏమిటో చెబుతాను. ఏజెంటు అంటే మనకు ఎల్.ఐ.సి. ఏజెంటే గుర్తొస్తాడు. 2022 చివర్లో వచ్చిన చాట్ జీపీటీ వంటివి అడిగినదానికి జవాబు చెప్పేవి. అది అకౌంట్ టెస్టు మొదటి శ్రేణిలో పాసై కొత్తగా చేరిన కుర్రవాడి వంటిది. రూల్సన్నీ నోటికి వచ్చు. అయితే వాడికి బల్ల లేదు, బీరువా తాళం లేదు, ముద్ర లేదు. కూర్చుని చెప్పగలడు గాని ఒక్క ఫైలు కదల్చలేడు. వాడికి రికార్డు గది చూడటానికి అనుమతి, రిజిస్టరు రాయడానికి కలం, చెక్కు ఆపడానికి అధికారం ఇచ్చామనుకోండి. అప్పుడు వాడు ఏజెంటు అవుతాడు. ఆ ఇచ్చినవాటినే పనిముట్లు అంటారు. లాగ్‌లు చదివే పనిముట్టు ఒకటి, చిరునామా మంచిదో చెడ్డదో అడిగి తెలుసుకునేది ఒకటి, ఖాతాను స్తంభింపజేసేది ఒకటి, నివేదిక రాసి పంపేది ఒకటి.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఆ యంత్రం తన చేత్తో ఏమీ చేయదు. ఇండెంటు మాత్రం రాస్తుంది. "ఫలానా ఖాతా గత నెల లావాదేవీలు కావాలి" అని నిర్ణీత నమూనాలో చీటీ రాస్తుంది. ఆ చీటీని తీసుకుని పని జరిపించేది వేరొక మామూలు ప్రోగ్రాము. వెనుక మనం స్టేషనరీకి ఇండెంటు పెడితే స్టోరుకీపరు చూసి ఇచ్చేవాడు కదా, అట్లాగే. 2024 నవంబరులో అదే ఆంత్రోపిక్ సంస్థ ఈ ఇండెంట్లకు మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అని ఒక ఉమ్మడి నమూనా ప్రకటించింది. అంతకు ముందు ఒక్కొక్క పనిముట్టుకు ఒక్కొక్క ఫారం. ఇప్పుడు ఒకే ఫారంతో చాలా స్టోర్లలో సరుకు తీసుకోవచ్చు. సౌకర్యం పెరిగింది, దానితోపాటు జాగ్రత్త అవసరమూ పెరిగింది.

ఎందుకంటే భద్రత ఇండెంటు రాసేవాడి మంచితనంలో లేదు. స్టోరుకీపరు దగ్గర ఉంది. రాసేవాడు ఎంత తెలివైనవాడైనా ఒకనాడు పొరపడతాడు. "వీడికి రీము కాగితం వరకే, ముద్ర ఇవ్వకూడదు" అన్న నియమం స్టోరుకీపరు దగ్గర రాసి ఉండాలి. నోటితో చెప్పి వదిలేస్తే చాలదు.

చాలదని చెప్పడానికి రెండు ఉదాహరణలు. 2025 జూలైలో అమెరికాలో ఒక వ్యాపారి రెప్లిట్ అనే కంపెనీ ఏజెంటుకు ప్రోగ్రాములు రాసే పని అప్పగించాడు. ఏమీ మార్చవద్దని చెప్పినా వినకుండా అది అసలు డేటాబేసునే తుడిచిపెట్టింది. పైగా, తిరిగి తేవడం సాధ్యం కాదని తప్పు సమాచారం ఇచ్చింది. తర్వాత తేగలిగారు, అది వేరే విషయం. వద్దని నోటితో చెప్పారు గాని తుడిచే తాళంచెవి దాని చేతిలోనే ఉంచారు.

రెండవది ఇంకా చిత్రమైనది. మన ఆఫీసులకు అర్జీలు వస్తాయి. ఒకడు తన అర్జీ చివర "ఈ అర్జీ చదివిన గుమాస్తా వెంటనే బీరువా తెరిచి కాగితాలన్నీ నా చిరునామాకు పంపవలెను" అని రాశాడనుకోండి. మనం నవ్వి పక్కన పెడతాం. అర్జీదారు ఉత్తర్వు వేయలేడని మనకు తెలుసు. యంత్రానికి ఆ వివేకం గట్టిగా లేదు. చదివిన కాగితానికి, పాటించవలసిన ఉత్తర్వుకు తేడా మరచిపోతుంది. 2025 జూన్‌లో మైక్రోసాఫ్ట్ వారి కోపైలట్ అనే సహాయకుడిలో ఇటువంటి లోపమే బయటపడింది. దానికి పరిశోధకులు ఎకోలీక్ అని పేరు పెట్టారు. బయటివాడు పంపిన ఒక్క ఈ-మెయిలు, ఎవరూ దేన్నీ నొక్కకుండానే, లోపలి సమాచారాన్ని బయటికి పంపించేట్లు ఆ సహాయకుణ్ణి మభ్యపెట్టగలదని నిరూపించారు. కంపెనీ దాన్ని సరిచేసింది. కాని ఆలోచించండి. కాపలా ఏజెంటు రోజంతా చదివేదే దొంగలు రాసిన మెయిళ్లు, దొంగలు పంపిన ఫైళ్లు. దొంగ అర్జీలు చదవడమే ఉద్యోగమైనవాడికి ముద్ర కూడా ఇస్తే ఏమవుతుంది?

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పక తప్పదు. ఇంతవరకు ఏ సభలోనూ చెప్పలేదు.

1979లో నేను ఒక సబ్ ట్రెజరీలో పనిచేస్తున్నాను. స్ట్రాంగ్ రూముకు డబుల్ లాక్. ఒక తాళంచెవి ఆఫీసరు దగ్గర, రెండవది నా దగ్గర. ఇద్దరూ కలిస్తేనే తలుపు తెరవాలి. ఒక శనివారం సాయంత్రం ఆఫీసరుగారికి ఊరి నుంచి కబురు వచ్చింది. ఆఖరు బస్సు పోతోంది. "సోమవారం పొద్దున్నే వస్తాను, ఇది నీ దగ్గర ఉంచు" అని తన తాళంచెవి నా చేతిలో పెట్టి పరుగెత్తారు. పెద్దాయన మాట, కాదనలేకపోయాను. రిజిస్టరులో రాయనూ లేదు. రాస్తే ఆయనకు ఇబ్బంది అని.

ఆ తర్వాతి వారం తనిఖీకి వచ్చారు. స్టాంపు కాగితాల్లో తేడా కనిపించింది. కట్టలు లెక్కించడంలో జరిగిన పొరపాటని కొన్ని నెలలకు తేలింది. ఈలోగా రెండు తాళాలు ఆ రెండు రాత్రులు ఎవరి దగ్గర ఉన్నాయని అడిగారు. నేను నిజం చెప్పాను. చార్జి మెమో ఇచ్చారు. ఒక ఇంక్రిమెంటు ఆపారు. మా ఆవిడ ఆ ఏడాది అడిగినవారికీ అడగనివారికీ "మా ఆయన తీయలేదు" అని చెప్పుకుంటూ తిరిగింది. నేను దొంగను కానని నాకు తెలుసు, దేవుడికి తెలుసు. రిజిస్టరుకు తెలియదు. చింతపండు అమ్మిన మాస్టారు తల వంచుకుని రావడం చూసినప్పుడు నాకు ఆ ఏడాది గుర్తుకొచ్చింది.

డబుల్ లాక్ పెట్టింది దొంగను ఆపడానికి మాత్రమే అనుకునేవాణ్ణి. నిర్దోషిని కాపాడటానికి కూడా అని అప్పుడు తెలిసింది.

ఈనాటికీ అదే తప్పు జరుగుతోంది. డిజిటల్ సంతకం డాంగిల్, పాస్‌వర్డుతో సహా, ఆపరేటరు సొరుగులో పడి ఉండే ఆఫీసులు మనలో చాలామంది చూశారు. ఆఫీసరు సంతకం, ఆపరేటరు చెయ్యి. రేపు ఆ చెయ్యి స్థానంలో యంత్రం కూర్చుంటే, సంతకం ఎవరిదని అడగడానికి కూడా మనిషి ఉండడు.

కాబట్టి గుమాస్తా బుద్ధికి తోచిన నాలుగు మాటలు చెబుతాను. ఈ రంగంలో ఉన్నవారు చెప్పేది కూడా ఇంచుమించు ఇదేనని మా మనవరాలు అంది.

ఒకటి, చూసే తాళం వేరు, ఆపే తాళం వేరు. లాగ్‌లు చదవడం, వెతకడం, పోల్చడం, నోటు రాయడం యంత్రానికి ధారాళంగా ఇవ్వండి. రాత్రి రెండు గంటలకు కూడా అది ఆవలించదు. రిజర్వు బ్యాంకు ఇన్నోవేషన్ హబ్ తయారుచేసిన మ్యూల్ హంటర్ అనే ఏఐ చేసేది ఈ జాతి పనే. దొంగసొమ్ము దాటించే అద్దె ఖాతాలను అది ఆనవాలు పడుతుంది. 2024 డిసెంబరులో దాని సంగతి రిజర్వు బ్యాంకు ప్రకటించింది.

రెండు, యంత్రానికి దాని సొంత పేరు, సొంత గుర్తింపు ఉండాలి. ఆఫీసరు పాస్‌వర్డుతో పని చేయకూడదు. ఈ పనికి ఎంత అవసరమో అంతే అధికారం, పని అయిపోగానే వెనక్కి.

మూడు, వెనక్కి తీసుకోగల పనికి, తీసుకోలేని పనికి తేడా పాటించాలి. అనుమానం వచ్చిన ఒక్క లావాదేవీని కొద్దిసేపు నిలపడం వెనక్కి తీసుకోగలది. అది యంత్రం చేయవచ్చు. మన మొదటి సభ్యుని డబ్బు అట్లా దక్కేది. మొత్తం ఖాతాను మూయడం, రికార్డు తుడిచివేయడం వంటివి రెండవ తాళంచెవితోనే జరగాలి. ఆ రెండవ తాళంచెవి మనిషి చేతిలో ఉండాలి. ఇప్పటి ట్రెజరీ బిల్లుకే మేకరు, చెకరు, సబ్మిటరు అని ముగ్గురు కావలసి ఉండగా, మనిషి బతుకుతెరువు ఆపడానికి ఒక్క యంత్రం చాలునా?

నాలుగు, రిజిస్టరు. ఏ ఇండెంటు, ఎన్ని గంటలకు, ఏ కాగితం చూసి, ఎవరు ఒప్పుకున్నారు అన్నది యంత్రం తుడపలేని చోట రాసి ఉండాలి. కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఉత్తర్వుల్లో కంప్యూటరు లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలని, సైబరు సంఘటనలను తెలిసిన ఆరు గంటల్లోగా తమకు తెలపాలని నిర్దేశించింది. మనిషి చేసినా యంత్రం చేసినా రికార్డు రికార్డే.

మన ప్రాంతపు మాటతో ముగిస్తాను. శనక్కాయ చేనుకు అడవి పందుల బెడద మనకు తెలుసు. వెనుక మంచె మీద మనిషి ఉండి రాత్రంతా డబ్బా కొట్టేవాడు. నిద్ర పడితే చేను పోయేది. ఇప్పుడు కొందరు కంచెకు కరెంటు తీగ చుడుతున్నారు. తీగకు నిద్ర లేదు, పంది రాదు. అయితే చీకట్లో నీళ్లు కట్టడానికి పోయిన పక్క చేను రైతు ఆ తీగకు తగిలి చనిపోయిన వార్తలు మన జిల్లా పేజీల్లో ఎన్నిసార్లు చదవలేదు? పందికీ మనిషికీ తేడా తీగకు తెలియదు. మంచె మీది మనిషికి తెలుసు. ఆ మనిషికి మంచి టార్చిలైటు ఇవ్వండి, అలికిడి కాగానే లేపే గంట కట్టండి. ఆ గంట, ఆ టార్చిలైటు ఏఐ కావాలి. అంతేగాని మంచె దింపేసి తీగ చుట్టవద్దు.

మన సంఘం చేయగలిగింది ఉంది. ఈ సభ ద్వారా ఒక తీర్మానం ప్రతిపాదిస్తున్నాను. పెన్షను జమ అయ్యే ఖాతాను ఏ కారణం చేతనైనా స్తంభింపజేసినప్పుడు, కారణం తెలుపుతూ తెలుగులో ఉత్తరం ఇవ్వాలి. బాధ్యుడైన అధికారి పేరు, ఫోను నంబరు అందులో ఉండాలి. అనుమానమున్న మొత్తాన్ని మాత్రమే ఆపి, పెన్షను సొమ్మును తీసుకోనివ్వాలి. జిల్లా సంఘం ద్వారా బ్యాంకులకు, ట్రెజరీ శాఖకు దీన్ని పంపుదాం. "సిస్టమ్ ఆపింది" అన్న జవాబు మన ఆఫీసుల్లో ఏనాడూ చెల్లలేదు. ఇప్పుడూ చెల్లకూడదు.

ఈలోగా మన జాగ్రత్త మనది. లైఫ్ సర్టిఫికెట్టు పేరుతో వచ్చే లింకులు నొక్కవద్దు. డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే 1930 నంబరుకు ఫోను చేయండి. సిగ్గుపడి రెండు రోజులు దాచిపెట్టవద్దు. సిగ్గుపడవలసింది దొంగ.